సున్నం వేయకముందే సుత్తి పట్టాలి
అమ్మకానికి పెట్టే ఇంటిని యజమాని ముందుగా పరీక్షించుకోవడమే మేలు

అమలాపురం: ఇల్లు అమ్మాలని నిర్ణయించుకున్న యజమాని మొట్టమొదట కబురు పెట్టేది రంగులు వేసేవారికి. గోడలకు పుట్టీ పట్టించి, రంగు వేయించి, గుమ్మాలకు వార్నిషు పూయించిన తర్వాతే మధ్యవర్తికి విషయం చెబుతారు. కొనేవారు వచ్చి చూసి ముచ్చటపడతారు. ధర కుదురుతుంది. బయానా చేతులు మారుతుంది. రెండోసారి వచ్చినప్పుడు మాత్రం వారి వెంట ఒక తాపీమేస్త్రీ ఉంటాడు. ఆయన హాలు వైపు చూడనైనా చూడడు. నేరుగా మెట్ల కిందకు, స్నానాల గది వెనక్కు, వంటింటి సజ్జ మీదకు వెళ్తాడు. జేబులోని తాళంచెవితో స్లాబు అడుగున నాలుగు చోట్ల తట్టి ‘ఇక్కడ బోలుగా ఉందండీ’ అంటాడు. బేరం చెడితే సాధారణంగా ఈ రెండో రాకలోనే చెడుతుంది.

అప్పటికి అమ్మేవారి పరిస్థితి ఇబ్బందికరంగా ఉంటుంది. పల్లెల్లో ఇల్లు అమ్మకానికి వచ్చిందంటే దాని వెనుక ఆడపిల్ల పెళ్లో, కుమారుడి చదువో, ఆసుపత్రి ఖర్చో, అన్నదమ్ముల పంపకమో ఉంటుంది. తీసుకున్న బయానాలో కొంత ఆ అవసరానికి ఖర్చయిపోయి ఉంటుంది. తిరిగి ఇవ్వాలంటే అప్పు చేయాలి. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. ఒకరు వచ్చి వెనక్కు వెళ్లిన ఇల్లు ఊళ్లో నలుగురి నోళ్లలో పడుతుంది. ‘ఏదో ఉంది గనుకే వదిలేశారు’ అన్న మాట ఒక్కసారి పుట్టిందంటే, తర్వాత వచ్చేవారు లోపం ఎంతో తెలుసుకోకుండానే ధర తగ్గించి అడుగుతారు. పదివేలతో సరిచేయగల పని లక్షల రూపాయల తగ్గింపుకు కారణమయ్యేది ఇలాగే.

కొనేవారి మేస్త్రీ చేసే పరీక్షను అమ్మేవారే ముందుగా చేయించుకుంటే ఈ చిక్కు ఉండదు. ఇందుకు పెద్ద పరికరాలేవీ అవసరం లేదు. చిన్న సుత్తి, టార్చిలైటు, స్క్రూడ్రైవరు, తూకం గుండు, పెన్సిలు, ఒక నోటు పుస్తకం చాలు. నమ్మకమైన మేస్త్రీ వెంట ఉంటే ఒక పూటలో ఇల్లంతా చూడవచ్చు.

కోనసీమ ఇళ్లకు ప్రత్యేక చిక్కులు

గౌతమి, వశిష్ఠ పాయల నడుమ, మధ్యలో వైనతేయ, దక్షిణాన సముద్రం ఉన్న నేల ఇది. డెల్టాలో భూగర్భజలం పైపైనే ఉంటుంది. సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వంటి తీర మండలాల్లో గాలిలోనూ, చాలాచోట్ల నేలలోని నీటిలోనూ ఉప్పు ఉంటుంది. రొయ్యల చెరువుల పక్కనున్న స్థలాల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఇటుక గోడకైనా, కాంక్రీటులోని ఇనుముకైనా ఉప్పును మించిన శత్రువు లేదు.

1996 నవంబరు 6న వచ్చిన పెనుతుపాను ఈ ప్రాంతంలో వేలాది ఇళ్లను నేలమట్టం చేసింది. ఆ తర్వాతి ఏళ్లలో తాటాకు ఇళ్ల స్థానంలో డాబాలు లేచాయి. గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు పంపిన సొమ్ముతో మరికొన్ని వెలిశాయి. త్వరగా నీడ ఏర్పడాలన్న ఆత్రంలో కొన్నిచోట్ల అందుబాటులో ఉన్న ఇసుకతో, పెరట్లోని బోరు నీటితోనే పని కానిచ్చేశారు. ఇనుము వాడే కాంక్రీటు కలపడానికి ఉపయోగించే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించరాదని భారతీయ ప్రామాణిక నియమావళి ఐఎస్ 456 చెబుతోంది. ఆ రోజుల్లో నీటిని పరీక్ష చేయించినవారు అరుదు. ఆ డాబాలే ఇప్పుడు పాతికేళ్లు దాటి అమ్మకానికి వస్తున్నాయి.

చూడవలసిన కాలం ఏది?

ఇల్లు అమ్మేవారు సాధారణంగా వేసవిని ఎంచుకుంటారు. కొనేవారికీ అదే అనుకూలం. చిక్కేమిటంటే, ఎండాకాలంలో ఇల్లు తన లోపాలను బయటపెట్టదు. వేసవిలో మరమ్మతుల కోసం డెల్టా కాలువలు కట్టేస్తారు. భూగర్భజలం దిగుతుంది. గోడలు ఎండుతాయి. వైశాఖంలో పొడిగా కనిపించిన గోడే భాద్రపదం వచ్చేసరికి మోకాలెత్తు వరకు చెమ్మగిల్లుతుంది. అందువల్ల ఇంటి అసలు స్థితి తెలియాలంటే అమ్మదలచిన సంవత్సరానికి ముందటి వర్షాకాలంలోనే ఒకసారి పరిశీలించాలి. వాన వెలిసిన మర్నాడు ఉదయం అందుకు తగిన సమయం. ఏ గదిలో, ఏ మూల, ఎంత మేర తడి ఉందో గోడపైనే పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ రాసుకోవాలి. ఫొటో తీసి ఉంచుకుంటే ఇంకా మంచిది.

అంత వ్యవధి లేనివారు వేసవిలోనే అమ్మవలసి వస్తే కొన్ని గుర్తుల ద్వారా తెలుసుకోవచ్చు. గోడ అడుగుభాగంలో తెల్లని పొడి, ఉబ్బి ఊడిన రంగు, బీరువా వెనుక బూజు వాసన, చెక్క సామాను కాళ్లకు నల్లని మచ్చలు, ఇవన్నీ గడచిన వానాకాలం వదిలివెళ్లిన ఆనవాళ్లే.

ముందు పైకప్పు

పరిశీలన ఎప్పుడూ పైనుంచి మొదలుపెట్టాలి. ఇంటి విలువలో ఎక్కువ భాగం స్లాబు మీదే ఆధారపడి ఉంటుంది. గోడ పాడైతే గోడ వరకే ఖర్చు. స్లాబు పాడైతే కొనేవారు ఇంటిని లెక్కలోంచి తీసివేసి స్థలం ధర మాత్రమే చెబుతారు.

మేడపైకి ఎక్కి మొదట నీరు పోయే గొట్టాలను చూడాలి. కొబ్బరి పీచు, ఆకులు, ప్లాస్టిక్ సంచులు అడ్డుపడి నీరు నిలిచే చోట నాచు నల్లగా చారలు కడుతుంది. పిట్టగోడ, స్లాబు కలిసే మూలలో సన్నని పగులు ఉందేమో గమనించాలి. చాలా కారుడ్లు ఆ మూల నుంచే మొదలవుతాయి. పగులులో రావి, మర్రి మొక్కలు మొలిచి ఉంటే పైపైన పీకి ఊరుకోకూడదు. వేరు లోపలే ఉండి మళ్లీ చిగురిస్తుంది.

తర్వాత కిందకు దిగి స్లాబు అడుగుభాగాన్ని సుత్తితో తేలికగా తట్టుకుంటూ వెళ్లాలి. గట్టి కాంక్రీటు ‘ఠంగు’మని పలుకుతుంది. లోపల పొర విడిపోయిన చోట కుండను తట్టినట్లు బోలు శబ్దం వస్తుంది. వంటగది, స్నానాల గది, వరండా, సన్‌షేడ్లు, మెట్ల అడుగు, నీళ్ల ట్యాంకు కింది భాగం తప్పక చూడవలసిన చోట్లు. తుప్పు రంగు మరకలు, ఊచల వెంబడి తిన్నగా సాగిన పగుళ్లు కనిపిస్తే లోపల ఇనుము తినిపోతున్నట్లే.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే మరమ్మతు విషయంలో పొరపాటు జరగదు. మంచి కాంక్రీటులోని క్షారగుణం ఇనుముకు కవచంలా ఉండి తుప్పు పట్టనివ్వదు. ఏళ్ల తరబడి గాలి, తేమ, ఉప్పు లోపలికి దిగితే ఆ కవచం పోతుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం రెండింతలకు మించి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పగిలి పెచ్చులుగా ఊడుతుంది. ఊచ కింద కాంక్రీటు పొర ఎంత పలుచగా ఉంటే అంత త్వరగా ఇది మొదలవుతుంది. సముద్రపు వాతావరణం నేరుగా తగిలే కాంక్రీటుకు ఆ పొర 45 మిల్లీమీటర్లు ఉండాలన్నది ప్రస్తుత నియమం. కొన్ని పాత డాబాలలో పెచ్చు ఊడిన చోట చూస్తే అరంగుళం కూడా కనిపించదు.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. పెచ్చు ఊడిన చోట సిమెంటు మెత్తి, పుట్టీ పట్టించి, తెల్లరంగు వేయిస్తారు. పైకి నున్నగా కనిపిస్తుంది. లోపల తుప్పు పని ఆగదు. ఒకటి రెండు వానాకాలాలు గడిచేసరికి కొత్త మెత్తుడుతో సహా ఊడిపడుతుంది. అది కొన్నవారి పిల్లల మీద పడిందంటే పరిస్థితి ఏమిటో ఎవరికివారే ఊహించుకోవచ్చు. సరైన పద్ధతిలో బోలు ఉన్నంత మేర కాంక్రీటును చెక్కి, ఊచలు పూర్తిగా బయటపడేలా చేసి, తుప్పును తీగ బ్రష్షుతో శుభ్రం చేయాలి. ఊచలు బాగా సన్నబడితే పక్కన కొత్తవి కలపాలి. ఆపై తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన సిమెంటుతో పూడ్చాలి. గది మొత్తం బోలు పలికినా, స్లాబు కుంగినట్లు కనిపించినా మేస్త్రీ మాట సరిపోదు. స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించాలి.

స్లాబు కారుతుందో లేదో తేల్చుకునేందుకు మేడపై నీరు కట్టి చూసే పద్ధతి ఒకటి ఉంది. గొట్టాలకు గుడ్డలు కుక్కి, అంగుళం మేర నీరు నిలిపి, ఒక రోజు తర్వాత కింద గదుల్లో తడి చూస్తారు. గట్టి స్లాబులకు ఇది మంచి పరీక్షే. అప్పటికే పెచ్చులూడుతున్న పాత స్లాబుపై ఈ ప్రయోగం చేయకూడదు. వెయ్యి చదరపు అడుగుల మేడపై రెండు అంగుళాల నీరు నిలిపితే దాని బరువు నాలుగు టన్నుల పైచిలుకు ఉంటుంది.

పెంకుటిళ్ల విషయానికి వస్తే, మండువా లోగిళ్లలో పెంకు కంటే దాని కింది కర్రే ముఖ్యం. వాసాలు గోడలో దిగే చివర్లు, రెండు వాలులు కలిసే మూలలు, మండువా అంచు చూడాలి. వాన నీరు ఎక్కువగా చేరేది అక్కడే. పెంకులు మార్చడం తేలిక. పుచ్చిన దూలం మార్చడం తేలిక కాదు. అయితే ఒక మాట. కర్ర బాగున్న పాత మండువా ఇంటికి ఇప్పుడు వేరే రకమైన గిరాకీ ఉంది. టేకు స్తంభాలు, చెక్కిన ద్వారబంధాలు, దూలాల కోసమే కొనేవారు వస్తున్నారు. ఇంటి కొలతలతో పాటు కర్ర ఏ రకం, ఎన్ని స్తంభాలు, ఎన్ని గుమ్మాలు అన్నది వడ్రంగి చేత విడిగా లెక్క కట్టించకుండా ధర చెప్పినవారు నష్టపోతారు.

చెమ్మ ఎక్కడి నుంచి?

తడి కనిపించగానే వాటర్‌ప్రూఫ్ రంగు కొనడం డబ్బు వృథా. తడి మూడు దారుల్లో వస్తుంది. కింది నుంచి వచ్చేది, పై నుంచి దిగేది, గొట్టాల నుంచి కారేది. మూడింటికీ చికిత్స వేరు.

కింది నుంచి వచ్చే చెమ్మ గోడ పొడవునా దాదాపు ఒకే ఎత్తున, రెండు మూడు అడుగుల వరకు పాకుతుంది. పై అంచున తెల్లని ఉప్పు చార ఉంటుంది. పునాదిపై చెమ్మ నిరోధక పొర వేయకపోవడమో, వేసింది పాడవడమో ఇందుకు కారణం. బయట మట్టి ఆ పొర కంటే పైకి చేరినా ఇదే జరుగుతుంది. పై నుంచి దిగేది చారలుగా, కిందకు వెడల్పవుతూ కనిపిస్తుంది. వానతో పెరిగి, ఎండతో తగ్గుతుంది. గొట్టపు కారుడుకు కాలంతో పని లేదు. నడివేసవిలోనూ స్నానాల గది వెనుక గోడ తడిగా ఉందంటే గొట్టాన్నే అనుమానించాలి.

దీనికి ఖర్చులేని పరీక్ష ఉంది. రాత్రి పడుకోబోయే ముందు పై ట్యాంకు నింపి, కుళాయిలన్నీ కట్టి, నీటి మట్టం వద్ద గీత పెట్టాలి. తెల్లవారి ఎవరూ కుళాయి తిప్పకముందే చూడాలి. మట్టం దిగితే ఎక్కడో కారుతున్నట్లే. అలాగే నేల నుంచి తేమ వస్తోందో లేదో తెలియాలంటే రెండడుగుల ప్లాస్టిక్ కాగితాన్ని నేలపై పరిచి, నాలుగు అంచులనూ టేపుతో అతికించి ఒక రోజు వదిలేయాలి. కాగితం అడుగున నీటి బిందువులు పడితే తేమ నేలలోనిది. పైన మాత్రమే పడితే గాలిలోనిది.

మరో సంగతి ఈ మధ్య కాలంలో తరచూ కనిపిస్తోంది. వీధిలో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదానిపైనే కొత్తది వేస్తుండటంతో రోడ్డు మట్టం పెరిగి, ఇంటి అరుగు రోడ్డు కంటే కిందకు పోతోంది. కట్టినప్పుడు మూడు మెట్లు ఎక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్లవలసి వస్తోంది. ఇలాంటి ఇంట్లోకి వీధి నీరు వస్తుందా అన్నది కొనేవారి మొదటి ప్రశ్న. లంక గ్రామాల్లోనైతే 1986 వరదకు ఎంత నీరు వచ్చింది, 2022 జులై వరదకు ఎంత వచ్చింది అని అడుగుతారు. గోడపై వరద గుర్తు ఉంటే దానిని రంగుతో చెరిపివేయడం వల్ల ప్రయోజనం లేదు. పక్కింటి గోడపై అదే గుర్తు ఉండనే ఉంటుంది.

పగులును బట్టి భయం

గోడపై పగులు కనిపించగానే బెంబేలెత్తనవసరం లేదు. ప్లాస్టరింగ్‌పై సాలెగూడులా అల్లుకున్న సన్నని గీతలు పైపూతకు సంబంధించినవి. కాంక్రీటు స్తంభం, ఇటుక గోడ కలిసే చోట నిలువుగా కనిపించే గీత కూడా సాధారణమే. రెండు వేర్వేరు పదార్థాలు ఎండకు, చలికి వేర్వేరుగా వ్యాకోచించడం వల్ల అది ఏర్పడుతుంది. తలుపు, కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి సాగినవి, ఇటుకల కీళ్ల వెంబడి మెట్లు మెట్లుగా దిగినవి, గోడకు రెండు వైపులా కనిపించేవి, ఒక చివర సన్నగా మరో చివర వెడల్పుగా ఉన్నవి మాత్రం పునాది కదలికను సూచిస్తాయి. డెల్టాలోని బంకమట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. పూడ్చిన గుంటపైనో, చెరువు గట్టు పక్కనో కట్టిన ఇళ్లలో ఈ కదలిక ఎక్కువ.

పగులు పాతదా, ఇంకా పెరుగుతోందా అన్నదే అసలు ప్రశ్న. పాతకాలపు మేస్త్రీలు పగులుకు అడ్డంగా సన్నని గాజు ముక్కను సిమెంటుతో అతికించి, తేదీ రాసి వదిలేసేవారు. కొన్ని నెలల్లో గాజు విరిగితే గోడ కదులుతున్నట్లు. విరగకపోతే పగులు స్థిరపడినట్లు. ఇప్పటికీ ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. వానాకాలం, ఎండాకాలం రెండూ దాటిన గాజు ముక్కను కొనేవారికి చూపితే వంద మాటలు చెప్పనక్కర్లేదు.

తలుపు పడకపోవడం కూడా ఒక సూచనే. వర్షాకాలంలో బిగుసుకుని ఎండాకాలంలో వదులయ్యే తలుపు కర్ర ఉబ్బడం వల్ల అలా చేస్తుంది. ఏడాది పొడవునా ఒకే మూల రాసుకునే తలుపు అయితే ద్వారబంధం పక్కన తూకం గుండు వేలాడదీసి చూడాలి. బంధం ఒరిగి ఉంటే గోడనూ చూడాలి.

చెద, పుచ్చు

తొలకరి జల్లు పడిన సాయంత్రం ఇంట్లో దీపం చుట్టూ ఉసిళ్లు ముసరడం మామూలే. అవి బయటి నుంచి వచ్చాయా, ఇంటి గోడలోంచే బయలుదేరాయా అన్నది గమనించాలి. ద్వారబంధం అడుగు నుంచో, గచ్చు సందు నుంచో బారులుగా వెలువడితే పుట్ట ఇంటి కిందే ఉన్నట్లు. గోడపై మట్టి గీతల్లా కనిపించే చెద దారిని మధ్యలో రెండంగుళాల మేర చెరిపి, వారం తర్వాత చూడాలి. తిరిగి కట్టి ఉంటే చెద సజీవంగా ఉంది. కట్టకపోతే అది పాత దారి. ద్వారబంధాల అడుగు, గోడ బీరువాల వెనుక పలక, కిటికీ చట్రాలను స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడాలి. పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల డొల్లగా ఉంటే మొన సులభంగా దిగుతుంది.

చెద మందు కొట్టించే పనిని అనుభవం ఉన్నవారికే అప్పగించాలి. గోడ వెంబడి రంధ్రాలు చేసి మందు పోయించినట్లయితే ఆ రసీదు, తేదీ జాగ్రత్తపరచుకోవాలి. పెరట్లో బావి ఉన్నవారు ఆ సంగతి మందు కొట్టేవారికి ముందే చెప్పాలి.

తీగలు, గొట్టాలు, గుంటలు

పాత ఇళ్లలో విద్యుత్తు తీగలు రెండు బల్బులు, ఒక ఫ్యాను కోసం వేసినవి. ఇప్పుడు వాటిపైనే ఏసీ, గీజరు, మోటారు నడుస్తుంటాయి. స్విచ్‌బోర్డు వెచ్చబడటం, ప్లగ్గు వద్ద నల్లబారడం, మోటారు వేయగానే దీపాలు మసకబారడం గమనిస్తే ఎలక్ట్రీషియన్ చేత చూపించాలి. ఎర్తింగ్ గుంట ఎక్కడుందో ఇంటివారికే తెలియని సందర్భాలు ఎన్నో. విద్యుత్ ప్రమాదాన్ని ఆపే ఆర్‌సీసీబీ ఉంటే దాని పరీక్ష మీటను నొక్కి అది పడుతుందో లేదో చూడాలి. లేకపోతే పెట్టించడం పెద్ద ఖర్చేమీ కాదు. మీటరు ఇంకా తాతగారి పేరిటే ఉంటే తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయంలో పేరు మార్పించుకోవాలి.

మరుగుదొడ్డి గుంట ఎక్కడుంది, దాని నీరు ఎటు పోతోంది అన్నది అమ్మేవారు స్పష్టంగా చెప్పగలగాలి. ఇంకుడు గుంటకు, తాగునీటి బావికి మధ్య కనీసం 18 మీటర్ల దూరం ఉండాలని ప్రామాణికాలు చెబుతున్నాయి. నాలుగు సెంట్ల స్థలంలో ఇది కుదరదు గనుక, బావి నీటిని ఒకసారి పరీక్ష చేయించి ఆ నివేదికను దగ్గర ఉంచుకోవడం మేలు.

కాగితాలకూ పరీక్ష

ఇంటి కాగితాలను కూడా మేస్త్రీ గోడను తట్టినట్లే తట్టి చూడాలి. దస్తావేజులోని కొలతలు, హద్దులు నేలపై ఉన్నవాటితో సరిపోవాలి. టేపు పట్టి కొలిచినవారికి పక్కవారి గోడ అడుగు మేర ఇటు జరిగిన సంగతి ఒక్కోసారి అప్పుడే తెలుస్తుంది. పాత లింకు దస్తావేజులు, పంచాయతీ లేదా మున్సిపాలిటీ పన్ను రసీదులు, ఇంటి ప్లాను అనుమతి ఒకచోట చేర్చాలి. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్ల ఈసీ కంప్యూటరులో లభిస్తుంది. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పాత పుస్తకాలు వెతికించాలి. స్థలం 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో బయానా తీసుకోకముందే చూసుకోవాలి. తీర్చేసిన బ్యాంకు రుణం ఈసీలో ఇంకా కనిపిస్తుంటే రద్దు పత్రం రిజిస్టరు చేయించాలి. ఉమ్మడి ఆస్తి అయితే ఆడపడుచుల సంతకాలు అవసరమన్న విషయం చివరి రోజున గుర్తుకు వస్తే బేరం ఆగిపోతుంది.

యజమాని కువైట్‌లోనో, దుబాయ్‌లోనో ఉండి ఇక్కడి బంధువుల చేత అమ్మించదలిస్తే అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. విదేశంలో రాసిన ఆ పత్రం మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించుకోవాలని చట్టం చెబుతోంది. ఈ గడువు దాటబెట్టుకునేవారు చాలామందే ఉన్నారు.

చెప్పాలా, దాచాలా?

లోపం తెలిసిన తర్వాత యజమానికి ఎదురయ్యే ప్రశ్న ఇది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షను దీనికి సూటిగా జవాబిస్తోంది. అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా కనిపించని ముఖ్యమైన లోపం ఇంటిలోగానీ, హక్కులోగానీ ఉంటే దానిని వెల్లడించడం అమ్మేవారి బాధ్యత. వెల్లడించకపోవడాన్ని చట్టం మోసంగా పరిగణిస్తుంది. తుప్పు పట్టిన ఊచలపై మెత్తిన సిమెంటు, చెద తిన్న బంధంపై పూసిన వార్నిషు ఈ కోవలోకే వస్తాయి. కంటికి కనిపించే లోపాన్ని కొనేవారే చూసుకోవాలి. కనిపించకుండా చేసిన లోపానికి మాత్రం అమ్మినవారు జవాబు చెప్పుకోవలసి రావచ్చు. ఒప్పంద పత్రంలో ‘ఉన్నది ఉన్నట్లుగా’ అని రాయించుకుంటే సరిపోతుందని కొందరు మధ్యవర్తులు సలహా ఇస్తుంటారు. తెలిసి దాచిన లోపానికి ఆ ఒక్క మాట రక్షణ అవుతుందన్న భరోసా లేదు. న్యాయవాదిని అడగకుండా ఆ సలహా నమ్మరాదు.

చట్టం సంగతి అలా ఉంచినా, దాచడం వ్యవహార దృష్టితోనూ గిట్టుబాటు కాదు. ఇప్పుడు ఇల్లు కొనేవారిలో బ్యాంకు రుణంపై ఆధారపడేవారు ఎక్కువ. రుణం ఇచ్చే ముందు బ్యాంకు తన తరఫున ఇంజినీరును పంపి కట్టడం వయసు, స్థితి, ఇంకెన్నాళ్లు నిలుస్తుంది అన్నది రాయించుకుంటుంది. ఆయన కంటపడిన లోపం కారణంగా రుణం తగ్గితే, తగ్గిన మేర బేరం కూడా తగ్గుతుంది. అదే లోపాన్ని అమ్మేవారు ముందుగానే చెప్పి, దాని మరమ్మతుకు ఇద్దరు మేస్త్రీల అంచనా కాగితాలు చూపితే తగ్గింపు ఆ అంచనా దగ్గరే ఆగే అవకాశం ఉంటుంది.

ఏది బాగుచేయించాలి, ఏది వదిలేయాలి అన్నదానికి ఒక లెక్క ఉంది. నీటి కారుడు, మూసుకుపోయిన గొట్టాలు, ప్రమాదకరమైన తీగలు, విరిగిన పెంకులు, చెద, ఇవి తక్కువ ఖర్చుతో పోయేవి. వీటిని తప్పక చేయించాలి. కొత్త టైల్స్, మాడ్యులర్ వంటిల్లు, ఖరీదైన తలుపులపై పెట్టిన సొమ్ము అమ్మకంలో తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు. కొనేవారి అభిరుచి వేరుగా ఉంటుంది. వాస్తు పేరుతో వారు వంటిల్లు మార్పించినా ఆశ్చర్యం లేదు. స్లాబు మొత్తం మార్చవలసిన స్థితి ఉంటే ఆ పనికి పూనుకోకుండా స్థలం ధరకు కర్ర, ఇనుము, ఇటుక విలువ కలిపి చెప్పుకోవడమే నయం. రంగులు అన్నిటికంటే చివర, మరమ్మతు చేసిన చోట్లు పూర్తిగా ఆరిన తర్వాత వేయించాలి. తడి గోడపై వేసిన రంగు కొనేవారు రెండోసారి వచ్చేలోపే ఉబ్బుతుంది.

ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్న ఇళ్లను ఇంకొంత శ్రద్ధగా చూడాలి. వాడకం లేని స్నానాల గదుల్లో గొట్టాల వంపుల్లోని నీరు ఎండిపోయి దుర్వాసన ఇంట్లోకి వస్తుంది. మోటారు బిగుసుకుపోతుంది. ఎలుకలు తీగల తొడుగు కొరుకుతాయి. గాలి ఆడని గదుల్లో బూజు పెరుగుతుంది. కొనేవారికి చూపించే రోజుకు కనీసం పదిహేను రోజుల ముందు తలుపులు, కిటికీలు తెరిపించి, అన్ని కుళాయిలూ వదిలించి, ప్రతి స్విచ్చూ వేయించి చూడాలి. కొందరు అమ్మకందారులు మేడ మెట్ల తలుపు తాళంచెవి కనబడటం లేదని చెప్పి కొనేవారిని కింది నుంచే పంపించివేస్తుంటారు. ఆ తాళంచెవి దొరకని ఇంటికి రెండోసారి వచ్చే మేస్త్రీ నిచ్చెన వెంట తెచ్చుకుంటాడు.